బోర్లా రాసిన కడుపు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఎడమ చేతిలో నాడె పట్టుకుని కుడి చేత్తో రాస్తున్నాను. నాడె అంటే మగ్గంలో పేక పోగును అటూ ఇటూ మోసే పనిముట్టు. అన్నం పెట్టే దాన్ని పట్టుకుని అబద్ధం రాస్తే చెయ్యి వణుకుతుందని మా నాయన చెప్పేవాడు. నా చెయ్యి వణకడం లేదు. అక్షరాలు ఎంత గుండ్రంగా వస్తున్నాయో మీరే చూసుకోండి.

ఇంత గట్టిగా ప్రమాణం చేయడానికి కారణం ఉంది. ధర్మవరంలో మా వీధివాళ్ళు నేను ఏం చెప్పినా సగం తరుగు తీసేసి మిగిలింది మాత్రమే వింటారు. వాళ్ళను తప్పు పట్టను. వజ్రకరూరు పొలాల్లో తొలకరి వాన పడ్డాక నాకు చింతగింజంత వజ్రం దొరికిందనీ, జేబులో చిల్లుండటం వల్ల నేను ఇల్లు చేరేలోపే అది ఇంకొకరి ఇల్లు చేరిందనీ చెప్పింది నేనే. పామిడి దగ్గర ఎండాకాలం పెన్నలో ఈత కొట్టి, ఇసుకకు కడుపు కాలి బొబ్బలెక్కి ఇంటికొచ్చానని చెప్పిందీ నేనే. ఇట్లాంటివాడికి నిజంగా జబ్బు చేస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు ఓబులేసు. వయసు యాభై రెండు. ఇంట్లో ఒక మగ్గం ఉంది గానీ, నా అసలు పని పట్టుచీరల అంచులకూ కొంగులకూ గ్రాఫ్ రాయడం. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఎర్ర చుక్క పెట్టిన చోట జరీ లేస్తుంది, పెట్టని చోట లేవదు. ఒక్క చుక్క తప్పితే నెమలికి మూడో కాలు మొలుస్తుంది. ఒక నెమలికి కాదు, అంచు పొడుగునా ఉన్న నెమళ్ళన్నిటికీ. అందుకే నోటితో ఎన్ని చెప్పినా, గ్రాఫ్ మీద నేను ఈనాటికీ అబద్ధం రాయలేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా మగ్గం మీద చీర బోర్లా నేస్తాం. మంచి వైపు కిందికి, పోగులు తేలే వైపు పైకి ఉంటుంది. కాబట్టి కుడికి రావాల్సిన పువ్వును కాగితం మీద ఎడమకు రాయాలి. ముప్పై ఏళ్ళుగా రాసీ రాసీ, పెన్ను పట్టుకుంటే నా చెయ్యి తనంతట తానే కుడిఎడమలు మార్చేస్తుంది.

ఫాల్గుణంలో ఒక శుక్రవారం పొద్దున మొదలైంది. బొడ్డు చుట్టూ ఎవరో పోగుకు పురి పెడుతున్నట్టు నొప్పి. నా భార్య నాగమణి గడప దగ్గర కూర్చుని రాట్నం మీద పట్టు పోగు తోడి కండెలకు చుడుతోంది.

"మే, కడుపులో ఏందో మెలి తిరుగుతాంది" అన్నాను.

"నిన్న బొరుగుల ఉగ్గాని తినేటప్పుడు బజ్జీలు ఎన్ని తిన్న్యావు?"

"నాలుగు."

"అంటే ఎనిమిది" అంది, రాట్నం ఆపకుండానే. నేను పెంచి చెప్పింది సగం చేయడం, తగ్గించి చెప్పింది రెట్టింపు చేయడం ఆమెకు అలవాటు. ఆ లెక్కలో ఆమె తప్పదు. నేను తిన్నది ఎనిమిదే.

వాము నీళ్ళు తాగాను. అవి నాలోపల అరగంట కూడా నిలవలేదు. మధ్యాహ్నం ఎదురింటి పెద్దమ్మ వచ్చి చూసి, "బొడ్డు జరిగిండాది" అని తేల్చింది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద చిన్న ప్రమిద వెలిగించి, దాని మీద చెంబు బోర్లించింది. దీపం ఆరి చెంబు చర్మాన్ని పట్టి గుంజింది. చెంబు ఊడి వచ్చింది, నొప్పి ఊడి రాలేదు. ఆ తర్వాత నూనె రాసి కడుపంతా పిసికింది. ఇది చదివేవాళ్ళకు ఇక్కడ చేతులు జోడించి ఒక మాట చెబుతున్నాను. ఇట్లాంటి నొప్పి వస్తే కడుపు పిసకనివ్వకండి, చెంబు దగ్గరికి రానివ్వకండి. ఈ సంగతి తర్వాత ఆసుపత్రిలో చెబితే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నా ముఖం చూసింది. నేను కథ చెబుతున్నానని అనుకుందేమోనని, చెంబు పట్టిన గుండ్రటి మచ్చ కూడా చూపించాను.

శనివారం పొద్దున లేచేసరికి నొప్పి బొడ్డు దగ్గర లేదు. కుడివైపు కింది మూలకు, తొడ మొదలయ్యే చోటికి కాస్త పైకి చేరి, అక్కడ కూర్చుంది. శుక్రవారం మెలిపెట్టింది, ఇప్పుడు పొడుస్తోంది. దగ్గితే పొడుస్తుంది, నవ్వితే పొడుస్తుంది, కుడికాలు చాపితే పొడుస్తుంది. వంగి, కాలు ముడుచుకుని, గోడ పట్టుకుని వీధి చివర ఆర్.ఎం.పి. దగ్గరికి పోయాను. ఆయన కూడా నా వజ్రం కథ విన్నవాడే.

"నిన్న బొడ్డు దగ్గర ఉన్న నొప్పి ఈరోజు కుడిమూలకు పోయింది సామీ" అన్నాను.

"ఏమప్పా ఓబులేసూ, నడిచి పోయిందా నొప్పి? బస్సు దొరకలేదా దానికి?" అని, గ్యాసుకు ఒక సూది వేసి పంపించాడు.

ఇంటికొచ్చి నాగమణితో, ప్రాణం పోతాందని చెప్పాను. ఆమె మజ్జిగ తెచ్చి పెట్టి మళ్ళీ రాట్నం దగ్గర కూర్చుంది. అప్పుడు నాకు మొదటిసారి భయం పట్టుకుంది. నొప్పికి కాదు. పోయిన నెల కాలికి మేకు గుచ్చుకున్నప్పుడు ప్రాణం పోతాందన్నాను. దానికి ముందు కారంపొడి కంట్లో పడినప్పుడు కూడా అదే అన్నాను. పెద్ద మాటలన్నీ చిన్నవాటికి ఖర్చు పెట్టేశాను. ఇప్పుడు నిజంగా కావలసి వస్తే ఒక్క మాట మిగల్లేదు. ఇట్లాగే గోడకు ఆనుకుని, కథలు చెప్పేవాడిలాగే పోతానని తోచింది.

మాటలు లేకపోతే చుక్కలున్నాయి కదా అనుకున్నాను. గ్రాఫ్ కాగితం తీసి, పక్కటెముకల నుంచి తుంటి దాకా నా కడుపు ఆకారం గీశాను. నడుమ బొడ్డుకు ఒక సున్నా. ఎక్కడ నొప్పి ఉందో వేలితో ఒత్తి చూసుకుని, ఆ గడిలో ఎర్ర చుక్క పెట్టి, పక్కన టైము రాశాను. శుక్రవారం ఉదయానివి గుర్తు తెచ్చుకుని రాశాను. గంటకోసారి మళ్ళీ ఒత్తి మళ్ళీ చుక్క. మధ్యాహ్నం రెండయ్యేసరికి చుక్కలు బొడ్డు దగ్గర మొదలై, వరసగా కిందికి దిగి, ఒక మూల గుంపుగా చేరాయి.

నాగమణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కాగితం తీసుకుంది.

"ఇదేంది?"

"నా కడుపు."

"కుడిపక్క నొప్పి అంటివి. చుక్కలన్నీ ఎడమపక్క ఉండాయి" అంది. "దొంగనొప్పికైనా ఒక జాగా ఉండల్ల కదయ్యా."

చూశాను. ఆమె చెప్పింది నిజమే. చుక్కలన్నీ కాగితం మీద ఎడమవైపు కింద ఉన్నాయి. నా చెయ్యి తన అలవాటు ప్రకారం తిప్పి రాసేసింది. ముప్పై ఏళ్ళలో నేను ఒక్క నిజం పట్టుకుని వస్తే, అదీ దొంగసొత్తులాగా దొరికిపోయింది.

ఆమె కాగితం మడవబోయి ఆగింది. కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు ఎత్తి పట్టి, వెనకవైపు నుంచి చూసింది. కొత్తచీర మగ్గం దిగగానే మేం అట్లాగే తిప్పి చూస్తాం. వెనకనుంచి చుక్కలు కుడిమూలకు వచ్చాయి.

"బోర్లా రాసినావు" అంది నిదానంగా.

"ఊ."

"మాకు చూపించేదానికి రాసుంటే తిన్నగా రాసుందువు." ఇంకాసేపు చూసింది. "పని రాసినట్ల రాసినావు."

ఆమె ముఖం మారిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా నా గ్రాఫ్ చూసి పట్టు తోడి రంగులు అమర్చింది ఆమె. నా నోటిని ఎంత నమ్మదో నా గ్రాఫ్‌ను అంత నమ్ముతుంది. రాట్నం మీద సగం తోడిన పట్టు అట్లాగే వదిలేసి ఫోను తీసింది. మా వీధిలో సరుకుల ఆటో నడిపే మహబూబ్ బాషాకు చేసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి రెండువైపులా వినపడింది.

"బాషా, బండి తీసుకోని రా. మీ అన్నకు బాగలేదు. అనంతపురం పోవల్ల."

"నిజంగానేనా వదినా?"

"గ్రాఫ్‌లో ఉండాది."

బాషా పది నిమిషాల్లో వచ్చాడు. ఇల్లు చూసుకోమని నాగమణి తాళంచెవి అతని చేతికే ఇచ్చింది. బండిలో పట్టు మూటల కింద వేసే పాత బొంతలు నాలుగు పరిచి నన్ను పడుకోబెట్టారు. దారిలో స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ బండి ఆపినంత పని చేశాడు. అయినా ప్రతి కుదుపూ ఆ మూలకే వచ్చి తగిలింది.

"అన్నా, నొస్తే అరువు" అన్నాడు ముందునుంచి. "నువ్వు గమ్మునుంటే నాకు భయమైతాంది."

ఆసుపత్రిలో బల్లలన్నీ నిండిపోయాయి. నన్ను చూసి ఒక ముసలాయన లేచి తన జాగా ఇచ్చాడు. ఆయన చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఆ సీసాను తానే ఎత్తి పట్టుకుని గోడవార నిలబడ్డాడు. నాగమణి వద్దంటే, "నాది అయిపోవస్తాంది తల్లీ, ఆయనది ఇప్పుడే మొదలు" అన్నాడు. ఆయన పేరు అడగలేదు. ఆ రోజు నాకు పేర్లు అడిగే ఓపిక లేదు. బాషాకు అవతల సరుకు ఎత్తాల్సి ఉంటే, మమ్మల్ని దించి, నా తల నిమిరి, ధర్మవరానికి తిరిగి పోయాడు.

డాక్టరమ్మ చిన్నది. ముప్పై దాటి ఉండదు. "ఎక్కడ నొప్పి?" అంది. నేను నోరు తెరవకుండా కాగితం ఇచ్చాను. ఒకసారి చూసింది, టైములు చదివింది, మళ్ళీ చూసింది.

"ఎవరు రాసినారు ఇది?"

"నేనేనమ్మా."

"మెడికల్ కాలేజీలో పని చేస్తారా?"

"లేదమ్మా. మగ్గాలకు రాస్తాను."

"మేం బొమ్మ గీస్తే, మనిషి మాకు ఎదురుగా పడుకున్నట్టు గీస్తాం. ఆయన కుడి మాకు కాగితం మీద ఎడమ. కొత్తగా చేరిన పిల్లలు దీన్నే తిరగేసి గీస్తారు. మీరు తప్పు లేకుండా గీసినారే."

"మా ఆయన బోర్లా తప్ప రాయడమ్మా" అంది నాగమణి. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో గర్వం నేను విన్నాను. కాలు ముడుచుకుని పడున్నా నాకూ ఛాతీ ఉబ్బింది. కొంచెమే. ఎక్కువ ఉబ్బితే పొడుస్తోంది.

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "కాగితం చూసి కొయ్యను. కడుపు చూసే కోస్తాను" అని, ఆ మూల మెల్లగా ఒత్తి, ఒక్కసారిగా చెయ్యి తీసేసింది. ఒత్తినప్పటికంటే తీసినప్పుడు ఎక్కువ పొడిచింది. ఆ సంగతి నేను ఆమెకు చెప్పనక్కర్లేదు, బయట బల్లల మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. దారిలో కుదుపులకు నొప్పి పెరిగిందా అని అడిగింది. పెరిగిందని నాగమణి చెప్పింది. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. అపెండిక్స్, ఈ పూటే తియ్యాలి అన్నారు.

నాగమణికి అర్థం కావాలని డాక్టరమ్మ నా గ్రాఫ్ మీదే పెన్నుతో రెండు నిలువుగీతలు, రెండు అడ్డగీతలు గీసింది. తొమ్మిది గదులయ్యాయి. పై వరసలో కుడిగదిలో కాలేయం, నడిమి గదిలో అన్నకోశం ఎక్కువ భాగం, ఎడమగదిలో ప్లీహం. కింది వరసలో నడుమ మూత్రాశయం. కుడి కిందిగదిలో, పెద్దపేగు మొదట్లో, చిటికెనవేలంత తోక. నొప్పి దానిదే. మొదటి రోజు బొడ్డు దగ్గర ఎందుకు వచ్చిందని అడిగాను.

"లోపలి నరాలకు జాగా సరిగ్గా తెలియదు. మొదట నడుమ ఎక్కడో చెప్తాయి. వాపు కడుపు పొర దాకా వచ్చినాక అసలు చోటు చెప్తాయి" అంది.

నా కడుపు కూడా నాలాంటిదే అనుకున్నాను. శుక్రవారమంతా కథ చెప్పి, శనివారం నిజానికి వచ్చింది.

"ఈ గదులకు గోడలుండవు" అంది డాక్టరమ్మ. "మేం గుర్తుకు గీసుకున్న గీతలే ఇవి. అసలు గోడ ఛాతీకీ కడుపుకూ మధ్య ఒక్కటే ఉంటుంది, కండతో చేసిన పరదా లాగా. దాని కింద ఉన్నదంతా ఒకటే కుహరం. అందుకే తొందర. ఆ తోక పగిలితే చీము కుడిమూలలో ఆగదు."

నాగమణి ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టేముందు అందులో నా పేరు రెండుసార్లు చదువుకుంది.

ఆపరేషన్ గది దాకా నేను నడిచే పోయాను. చక్రాల మంచం తెస్తే వద్దన్నాను. తలుపు దగ్గర నాగమణి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "కుడి కిందిగదిలో డాక్టరమ్మకు ఆ వజ్రం దొరుకుతుంది చూడు, అప్పట్లో జేబులోంచి జారి అక్కడికే పోయింటుంది" అన్నాను. ఆమె నవ్వింది. లోపల మత్తు ఇచ్చే ఆయన అంకెలు లెక్కపెట్టమంటే, పడుగు పోగులు లెక్కపెట్టే అలవాటు కొద్దీ నాలుగు వందల దాకా పోయాను. ఆయన చేతి గడియారం చూసుకోవాల్సి వచ్చింది.

ఆదివారం తెలివి వచ్చేసరికి కడుపులోంచి ఒక గొట్టం బయటికి ఉంది. తోక అప్పటికే కొద్దిగా కారడం మొదలుపెట్టిందనీ, ఇంకో పూట ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచీ నాగమణి నాతో మాట్లాడలేదు. గుడ్డ తడిపి పెదాలకు అద్దింది, దుప్పటి సర్దింది. నేనే మొదలుపెట్టాను. అది పొరపాటు.

"శుక్రవారమే చెప్తి. నిజం చెప్తే నమ్మకపోతివి" అన్నాను.

"నువ్వు నిజం చెప్తే ఎట్లుంటాదో నాకేం తెలుసు?" అంది. "ఎప్పుడన్నా వింటే కదా."

అని, ముఖం గోడకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఇద్దరిలో తప్పు ఎవరిదో తేల్చడానికి చాలా సేపు పట్టేది. గొట్టం నాకే ఉంది గనుక నేనే ఒప్పుకున్నాను.

సోమవారం పక్కమంచం మీదికి కంబదూరు వైపునుంచి హనుమంతప్ప అనే శెనక్కాయ రైతు వచ్చాడు. వరిబీజం ఆపరేషన్‌కు. తొమ్మిది గదుల కాగితం చూసి, "నాదీ ఒకటి రాయన్నా" అన్నాడు. రాశాను. ఆయన జబ్బు చుక్క కాగితం అంచు దాటి కిందికి పోయింది. "ఇది నీ గదుల్లో లేదప్పా, వసారాలోకి వచ్చిండాది" అంటే, కుట్లు పడకముందే నవ్వాడు కాబట్టి బతికిపోయాడు. మంగళవారానికి వార్డులో ఆరుగురికి రాశాను. ఒకాయన మూడు రోజులుగా కడుపునొప్పి అంటున్నవాడు, చుక్కలు పెట్టమంటే నేరుగా పై వరస కుడిగదిలో పెట్టాడు. డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని ఆయన్ను స్కానింగ్‌కు పంపింది. పిత్తాశయంలో రాళ్ళు.

బుధవారం ఆమె నా దగ్గరికి వచ్చి, చుక్కలు లేని ఖాళీ తొమ్మిది గదుల కాగితం ఒకటి శుభ్రంగా రాసివ్వమంది. రాసిచ్చాను. దాన్ని జెరాక్స్ తీయించి బయట బల్ల మీద పెట్టించింది. మాటల్లో చెప్పుకోలేనివాళ్ళు అందులో వేలు పెట్టి చూపించొచ్చని. గీత ఒక్కటీ వంకర లేదు. మూడు నెలలైంది, మొన్న కుట్ల మచ్చ చూపించడానికి పోతే ఆ కట్ట ఇంకా అక్కడే ఉంది. సగానికి పైగా అయిపోయింది. నేను రాసిన నెమళ్ళు ఎన్నో పెళ్ళిళ్ళలో తిరిగి ఉంటాయి, ఏ ఒక్కదాన్నీ ఆగి అంతసేపు చూడలేదు. ఆ రోజు బల్ల దగ్గర నిలబడి, ఎవరో ముసలమ్మ నా గదుల్లో వేలు పెట్టి చూపిస్తుంటే చూశాను.

ఇప్పుడు బాగున్నాను. మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంటలో కూర్చుంటే మొదట్లో కుట్లు లాగేవి, ఇప్పుడు లాగడం లేదు. కడుపునొప్పి ఒకచోట మొదలై ఇంకోచోటికి పోయిందంటే, చెప్పేవాడు ఎవరైనా సరే, ఎన్ని వజ్రాలు పోగొట్టుకున్నవాడైనా సరే, ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇక దాచడం ఎందుకు, ఒక్కచోట కల్పించాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర. నేను నడిచి పోలేదు, చక్రాల మంచం మీదే తోసుకుపోయారు. వజ్రం మాట ఎత్తలేదు. నాలుగు వందలు కాదు, ఒకటి అన్నట్టు కూడా గుర్తు లేదు. నేను నాగమణి మణికట్టు పట్టుకుని వదల్లేదు. నర్సమ్మ వేళ్ళు విడదీయబోతే ఇంకా బిగించాను.

"ఏదన్నా చెప్పు" అంది నాగమణి. "ఎప్పుడూ చెప్తాంటావు కదా. ఇప్పుడు చెప్పు."

ఏమీ రాలేదు.

తలుపు తెరిచారు. ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "బాషా ఫోన్ చేసినాడు" అంది. "మన ఊర్లో వాన పట్టుకున్యాదంట. మగ్గం గుంటలోకి నీళ్ళు దిగినాయంట. చీర తడుస్తాదని పైకెత్తి కట్టినాడంట."

నా వేళ్ళు వదులయ్యాయి. గుంటలో నీళ్ళు ఎంత లోతు వచ్చాయో, కొంగుకు తేమ తగిలిందో లేదో అని ఆలోచిస్తూ లోపలికి పోయాను.

ఆ రోజు ధర్మవరంలో చినుకు పడలేదు. బాషా ఫోనూ చేయలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నాగమణి అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే. వాన దాకా ఎవరైనా కల్పిస్తారు. చీర పైకెత్తి కట్టిన ముక్క ఉందే, అది నాకు కూడా తట్టేది కాదు.